ఏ పెట్టె సైజు, ఏ క్షణంలో?

(ఫ్రంట్ ఎండ్ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లతో మాట్లాడిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్దాం. తెర మీద ఒక డివ్, అంటే పేజీలో ఒక పెట్టె, కనిపిస్తోంది కదా. దాని రూపం ఎలా ఉండాలో చెప్పే సీఎస్ఎస్‌లో మూడే వరుసలు రాశాను. విడ్త్ 200 పిక్సెల్స్, ప్యాడింగ్ 10, బోర్డర్ 2. ఈ డివ్ వెడల్పు ఎంతో చెప్పండి.

200 అన్నవాళ్లు ఉన్నారు. 220 కూడా వినపడింది. వెనక వరుసలో ఎవరో 224 అన్నారు. ముగ్గురూ కరెక్టే. కన్సోల్‌లో, అంటే బ్రౌజర్‌లో కోడ్ నడిపి చూసే చోట, ఒక్కొక్కటీ అడిగి చూద్దాం. గెట్‌కంప్యూటెడ్‌స్టైల్‌తో విడ్త్ అడిగితే 200 అంటోంది. క్లయింట్‌విడ్త్ అడిగితే 220. ఆఫ్‌సెట్‌విడ్త్ అడిగితే 224. ఇప్పుడు దీనికి ట్రాన్స్‌ఫార్మ్‌లో స్కేల్ 1.5 ఇచ్చి, అంటే తెర మీద ఒకటిన్నర రెట్లు చేసి, గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్‌ని పిలిస్తే 336 వస్తోంది. మళ్లీ ఆఫ్‌సెట్‌విడ్త్ అడగండి, అదే 224. ఒకే డివ్‌కి నాలుగు జవాబులు వచ్చాయి, ఏదీ తప్పు కాదు. ప్రతి జవాబు వెనకా వేరే ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న ఏదో తెలియకుండా జవాబు తీసుకుని వాడేస్తే, డెస్క్‌టాప్‌లో చక్కగా ఉన్న పేజీ ఎవరి ఫోన్లోనో చెదిరిపోతుంది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. "ఎంత" అని బ్రౌజర్‌ని అడిగే ముందు "ఏ పెట్టె", "ఏ క్షణంలో" అనే రెండూ మీరు తేల్చుకోవాలి. కొన్నిసార్లు అవి తేల్చుకునేసరికే అసలు కొలవక్కర్లేదని తెలిసిపోతుంది.

మీలో ఫ్లాట్ కోసం తిరిగినవాళ్లు ఉండే ఉంటారు. ఎన్ని అడుగులండీ అని అడిగితే కార్పెట్ ఏరియా ఒకటి చెప్తారు, గోడలు కలుపుకుని బిల్టప్ ఏరియా ఇంకొకటి చెప్తారు. డివ్ కూడా అంతే. లోపల అక్షరాలు కూర్చునే చోటు కంటెంట్ బాక్స్. దాని చుట్టూ ప్యాడింగ్ కలిపితే ప్యాడింగ్ బాక్స్, దానికి బోర్డర్ కూడా కలిపితే బోర్డర్ బాక్స్. మార్జిన్ బయటి ఖాళీ. నేను ఇందాక చెప్పిన నాలుగింటిలో ఏదీ మార్జిన్‌ని లెక్కలోకి తీసుకోదు. అది కావాలంటే విడిగా అడిగి మీరే కలుపుకోవాలి.

ఈ కొలతల వెనక కొంచెం చరిత్ర ఉంది. 1996 డిసెంబరులో సీఎస్ఎస్ మొదటి వెర్షన్ వచ్చినప్పుడు విడ్త్ అంటే కంటెంట్ వెడల్పు మాత్రమే అని రాశారు. కానీ విండోస్ మీద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 విడ్త్‌లోనే ప్యాడింగ్‌నీ బోర్డర్‌నీ ఇరికించి లెక్క వేసేది. ఒకే పేజీ ఒక బ్రౌజర్‌లో 200 వెడల్పుతో, ఇంకోదాంట్లో 224 వెడల్పుతో వచ్చేది. 2001లో వచ్చిన ఆరో వెర్షన్ పేజీ కోడ్ మొదట్లో అది ఏ రకం పేజీయో చెప్పే సరైన డాక్‌టైప్ ఉంటే కొత్త లెక్క, లేకపోతే పాత లెక్క అనే పద్ధతికి వచ్చింది. ఆ తర్వాత బాక్స్‌సైజింగ్ అనే ప్రాపర్టీ వచ్చి, ఏ లెక్క కావాలో మనల్నే ఎంచుకోమంది. ఇవాళ చాలా ప్రాజెక్టుల స్టైల్‌షీట్‌లో మొట్టమొదటి రూలే అన్నిటికీ బోర్డర్‌బాక్స్ అని ఉంటుంది. అంటే అప్పుడు అందరూ తిట్టుకున్న లెక్కనే ఇప్పుడు అందరం కావాలని పెట్టుకుంటున్నాం. నా ఉద్దేశంలో ఆ లెక్కే మనిషికి సహజం. 200 అని రాస్తే తెర మీద 200 కనపడాలి.

అయితే దీంతో ఒక చిక్కుంది. తెర మీద ఉన్న డివ్‌కి బోర్డర్‌బాక్స్ పెట్టి మళ్లీ అడుగుతున్నాను చూడండి. ఆఫ్‌సెట్‌విడ్త్ 200 అయింది. క్లయింట్‌విడ్త్ 196. కంప్యూటెడ్ విడ్త్ ఇప్పుడూ 200 అనే అంటోంది. కానీ ఇందాకటి 200 కంటెంట్ వెడల్పు, ఈ 200 బోర్డర్‌తో కలిపిన వెడల్పు. లోపల అక్షరాలకి మిగిలింది 176 మాత్రమే, ఆ 176 అనే అంకె వీటిలో ఎక్కడా నేరుగా రాదు. క్లయింట్‌విడ్త్ లోంచి రెండు వైపుల ప్యాడింగ్ తీసేసి మీరే కట్టుకోవాలి. ఒక లైబ్రరీ కోడ్ ఒక ప్రాజెక్టులో పనిచేసి, ఇంకో ప్రాజెక్టులో 24 పిక్సెల్స్ తేడాతో తప్పుగా గీస్తే మొట్టమొదట చూడాల్సింది ఈ బాక్స్‌సైజింగ్‌నే.

ఆఫ్‌సెట్, క్లయింట్, స్క్రోల్ అనే ఈ మూడు కుటుంబాలూ 1997 నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 వారసత్వం. ముందు స్టాండర్డ్ రాసుకుని చేసినవి కావు. మైక్రోసాఫ్ట్ చేసింది, వాడకంలోకి వెళ్లిపోయింది, మిగతా బ్రౌజర్లూ చేశాయి, 2008 నాటికి సీఎస్ఎస్ఓఎం వ్యూ పేరుతో ముసాయిదా స్టాండర్డ్‌గా కాగితం మీదికి వచ్చాయి. గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ కూడా మైక్రోసాఫ్ట్‌దే, ఫైర్‌ఫాక్స్‌కి మూడో వెర్షన్‌తో వచ్చింది. ఇలా పుట్టినవి కాబట్టే ఒకదానితో ఒకటి అంత పొంతన ఉండదు. కొన్ని పూర్ణాంకాలు ఇస్తాయి, కొన్ని దశాంశాలు ఇస్తాయి. కొన్నిటికి ట్రాన్స్‌ఫార్మ్ కనపడుతుంది, కొన్నిటికి కనపడదు.

పూర్ణాంకాల సంగతి చూద్దాం. వెయ్యి పిక్సెల్స్ పెట్టెలో సమానంగా మూడు కాలమ్స్ పెట్టండి. ఒక్కోదాని ఆఫ్‌సెట్‌విడ్త్ 333 అని రావొచ్చు. అప్పుడు మూడూ కూడితే 999. ఒక పిక్సెల్ ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, ఆఫ్‌సెట్‌విడ్త్ దశాంశాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించి చెప్పింది. గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ అడిగితే క్రోమ్ 333.328125 అంటుంది, ఫైర్‌ఫాక్స్ 333.333 అంటుంది. క్రోమ్ లోపల పిక్సెల్‌ని 64 భాగాలు చేసి లెక్క పెడుతుంది, ఫైర్‌ఫాక్స్ 60 భాగాలు చేస్తుంది. అందుకే రెండు బ్రౌజర్ల కొలతలూ ఖచ్చితంగా సమానమా అని టెస్ట్ రాయకండి. ఎంత లోపు తేడా ఉంటే సరే అనేది ముందే పెట్టుకోండి.

దీనివల్ల వచ్చే బగ్ ఒకటి చూపిస్తాను, చాలా పెద్ద అప్లికేషన్లలో కూడా ఉంటుంది. పేరు పొడవైతే చివర మూడు చుక్కలు వస్తాయి, మౌస్ పెడితే టూల్‌టిప్‌లో పూర్తి పేరు రావాలి. అందరూ రాసే కండిషన్ ఒకటే: స్క్రోల్‌విడ్త్ (లోపలి కంటెంట్ మొత్తానికి కావలసిన వెడల్పు) క్లయింట్‌విడ్త్ కంటే ఎక్కువ ఉందా? ఇక్కడ చూడండి, అక్షరాలకి 100.4 కావాలి, పెట్టె 100 ఉంది. చుక్కలు వచ్చేశాయి. కానీ స్క్రోల్‌విడ్త్ కూడా 100 అనే చెప్తోంది, ఎందుకంటే అది కూడా పూర్ణాంకానికి సవరిస్తుంది. పేరు తెగిపోయింది, టూల్‌టిప్ రాదు. ఇలాంటిచోట రేంజ్ ఆబ్జెక్ట్ చేసి, లోపలి టెక్స్ట్‌ని దాంతో చుట్టి, దాని బౌండింగ్ రెక్ట్ అడగండి. దశాంశాలతో సహా వస్తుంది. అక్షరాల చుట్టూ స్పాన్ పెట్టాల్సిన పని కూడా ఉండదు.

స్క్రోల్‌బార్ గురించి ఒక మాట. మ్యాక్‌లోనూ ఫోన్‌లోనూ అది మామూలుగా కంటెంట్ మీద తేలుతుంది, చోటు తినదు. విండోస్‌లో సుమారు 15 పిక్సెల్స్ తింటుంది. క్లయింట్‌విడ్త్ ఆ 15ని తీసేసి చెప్తుంది, ఆఫ్‌సెట్‌విడ్త్ కలిపే చెప్తుంది. విండోకి ఇన్నర్‌విడ్త్ అడిగితే స్క్రోల్‌బార్‌తో కలిపి వస్తుంది, డాక్యుమెంట్‌ఎలిమెంట్ క్లయింట్‌విడ్త్ అడిగితే లేకుండా వస్తుంది. మ్యాక్ మీద కూర్చుని 100 వీడబ్ల్యూ (విండో వెడల్పు మొత్తం) అని రాసినవాళ్లకి విండోస్‌లో పేజీ కింద అడ్డంగా స్క్రోల్ ఎందుకొచ్చిందో దీంతో అర్థమవుతుంది. టీమ్‌లో అందరిదీ మ్యాక్ అయితే స్క్రోల్‌బార్‌ని ఎప్పుడూ చూపించు అనే సెట్టింగ్ ఒక్కరైనా ఆన్‌లో పెట్టుకోండి.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మ్. గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ తెర మీద చివరికి కనపడే ఆకారాన్ని ఇస్తుంది, అది కూడా నిటారుగా ఉన్న దీర్ఘచతురస్రంలోనే ఇస్తుంది. 100కి 100 చదరాన్ని 45 డిగ్రీలు తిప్పితే వెడల్పు 141.42 అంటుంది. పెట్టె పెరగలేదు, దాన్ని చుట్టే నిటారు చట్రం పెరిగింది. ఒక లింకు రెండు వరుసల్లోకి విరిగితే రెండు ముక్కలనీ కలిపి ఒకే చట్రం ఇస్తుంది. వరుసకొక చట్రం కావాలంటే గెట్‌క్లయింట్‌రెక్ట్స్ అని వేరే ఉంది.

మోడల్ విండోల్లో, అంటే పేజీ మీద తెరుచుకునే పెట్టెల్లో, ఇది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మోడల్ స్కేల్ 0.9 దగ్గర మొదలై 1కి పెరుగుతూ తెరుచుకుంటుంది. తెరుచుకున్న వెంటనే లోపలి డ్రాప్‌డౌన్‌కి కొలత తీసుకుంటారు. యానిమేషన్ ఇంకా నడుస్తోంది, కాబట్టి 400 ఉండాల్సింది 360 వస్తుంది. ఇంకోసారి 372 వస్తుంది. టెస్టర్ "అప్పుడప్పుడూ వస్తోంది" అని టికెట్ వేస్తారు, డెవలపర్ మెషీన్‌లో ఎప్పటికీ రాదు, ఇద్దరికీ టెన్షన్. లేఅవుట్‌లో, అంటే ఏది ఎక్కడ ఎంత అని బ్రౌజర్ వేసుకున్న లెక్కలో, ఉన్న అసలు సైజు కావాలంటే ఆఫ్‌సెట్‌విడ్త్ అడగాలి, దానికి ట్రాన్స్‌ఫార్మ్‌తో పనిలేదు. తెర మీద ఎక్కడుందో కావాలంటే బౌండింగ్ రెక్ట్ అడగాలి, అయితే యానిమేషన్ పూర్తయ్యాక.

ఇందాకటి రెండో ప్రశ్నలోకి వచ్చేశాం: ఏ క్షణంలో? డిస్‌ప్లే నన్ అని ఉన్న ఎలిమెంట్‌కి పెట్టే ఉండదు. ఆఫ్‌సెట్‌విడ్త్ 0, బౌండింగ్ రెక్ట్‌లో అన్నీ 0. కంప్యూటెడ్ విడ్త్ అడిగితే ఆటో అనో 50 శాతం అనో సీఎస్ఎస్‌లో ఉన్నదే తిరిగి చెప్తుంది. టాబ్ వెనక దాక్కున్న చార్టులు సున్నా వెడల్పుతో పుట్టి, టాబ్ తెరిచాక కూడా అలాగే నలిగిపోయి ఉండటానికి కారణం ఇదే. కనపడకుండా, కానీ కొలవగలిగేలా ఉండాలంటే విజిబిలిటీ హిడెన్ పెట్టాలి. అప్పుడు చోటు ఉంటుంది, కొలతా వస్తుంది.

బొమ్మ డౌన్‌లోడ్ కాకముందు దానికి ఎత్తు తెలియదు. బొమ్మ ట్యాగ్‌లో విడ్త్, హైట్ రెండూ రాయండి. పాతరోజుల్లో రాసేవాళ్లం, రెస్పాన్సివ్ డిజైన్ వచ్చాక మానేశాం. 2019 చివర్లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ ఈ రెండు అంకెల్లోంచి నిష్పత్తి తీసుకుని ముందే చోటు కేటాయించడం మొదలుపెట్టాయి. కాబట్టి ఆ పాత అలవాటు మళ్లీ పనికొస్తోంది. ఆ రెండు అంకెలు రాస్తే కొలతా ముందే సరిగ్గా వస్తుంది, చదువుతున్నవాళ్ల కింద పేజీ ఎగిరిపడదు కూడా.

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడేవాళ్లు యూజ్‌ఎఫెక్ట్‌లో కొలిచి స్టేట్ మారుస్తుంటారు. అది మామూలుగా తెర గీశాక నడుస్తుంది, కాబట్టి టూల్‌టిప్ ముందు తప్పు చోట మెరిసి, తర్వాత సరైన చోటికి గెంతుతుంది. కొలవడానికి యూజ్‌లేఅవుట్‌ఎఫెక్ట్ ఉంది. డామ్ (బ్రౌజర్ కట్టుకున్న ఎలిమెంట్ల చెట్టు) సిద్ధమయ్యాక, తెర గీయకముందు నడుస్తుంది.

కొలత ఖరీదు గురించి చెప్పాలి. మీరు ఆఫ్‌సెట్‌హైట్ అని అడగ్గానే బ్రౌజర్ జేబులోంచి తీసి ఇచ్చేస్తుంది అనుకోకండి. అంతకుముందు మీరు ఏదైనా స్టైల్ మార్చి ఉంటే, ఆ మార్పు వల్ల ఎవరెవరు ఎక్కడికి జరిగారో అప్పటికప్పుడు లెక్క కట్టి గానీ జవాబు చెప్పలేదు. ఏమీ మార్చకుండా పదిసార్లు అడిగినా చవకే. మార్చి, అడిగి, మార్చి, అడిగి చేస్తేనే చావు.

ఈ లూప్ చూడండి. పేజీలో 500 ప్రొడక్ట్ కార్డులు. లూప్‌లో ఒక్కో కార్డు ఎత్తు చదివి, దాని మీద ఇంకో 20 కలిపి అదే కార్డుకి రాస్తున్నాం. చూడ్డానికి రెండు వరుసల కోడ్. కానీ మొదటి కార్డుకి రాయగానే లేఅవుట్ పాతబడింది. రెండో కార్డు ఎత్తు చదవాలంటే మళ్లీ లెక్క. మూడోదానికి మళ్లీ. 500 సార్లు లేఅవుట్. 60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేముకి మనకున్న టైమ్ 16.7 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్ అయితే అందులో సగం. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో ఈ లూప్ నెట్టుకొస్తుంది, చవక ఆండ్రాయిడ్ ఫోన్‌లో పేజీ బిగుసుకుపోతుంది. పరిష్కారం సులువే, ఒక లూప్‌ని రెండు చేయండి. మొదటి లూప్‌లో 500 ఎత్తులూ చదివి అర్రేలో పెట్టుకోండి. రెండో లూప్‌లో రాయండి. లేఅవుట్ చదివేటప్పుడు ఒకసారి, తెర గీసేముందు ఒకసారి, అంతే. డెవ్‌టూల్స్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తీసి రికార్డ్ చేయండి. ఊదారంగు ముక్కలు వరుసగా, మూలల్లో ఎర్ర గుర్తులతో కనపడితే ఈ జబ్బే. దాని మీద నొక్కితే ఏ వరుస కోడ్ వల్ల వచ్చిందో కూడా చెప్తుంది.

ఒకసారి కొలిచి వదిలేయడం కాకుండా సైజు మారినప్పుడల్లా తెలియాలంటే రీసైజ్‌అబ్జర్వర్ వాడండి. విండో రీసైజ్ ఈవెంట్ దీనికి సరిపోదు, సైడ్‌బార్ మూసినా, ఫాంట్ మారినా, ఎవరో రెండు పేరాలు ఎక్కించినా విండో సైజు మారదు కదా. ఇది 2018 జనవరిలో క్రోమ్ 64తో వచ్చింది, 2020 మార్చికి సఫారీ 13.1తో అన్ని ముఖ్యమైన బ్రౌజర్లకీ చేరింది. లేఅవుట్ అయ్యాక, తెర గీయకముందు మనల్ని పిలుస్తుంది, కాబట్టి కొలత అప్పటికే సిద్ధంగా ఉంటుంది, అదనపు ఖర్చు లేదు. రెండు జాగ్రత్తలు చెప్తాను. అది ఇచ్చే కంటెంట్‌రెక్ట్ కంటెంట్ బాక్స్‌ది, దాన్ని ఆఫ్‌సెట్‌విడ్త్‌తో పోల్చి ప్యాడింగ్, బోర్డర్ అంత తేడా ఎందుకుందని తల పట్టుకోకండి, బోర్డర్‌బాక్స్‌సైజ్ కూడా అందులోనే ఉంది. రెండోది, చూస్తున్న ఎలిమెంట్ సైజుని ఆ కాల్‌బ్యాక్‌లోనే, అంటే అది పిలిచే మీ ఫంక్షన్‌లోనే, మార్చకండి. మారిస్తే మళ్లీ పిలవాల్సి వస్తుంది, మళ్లీ మారుస్తారు. బ్రౌజర్ ఆ చక్రాన్ని తెంచి, మిగిలిన కబురు తర్వాతి ఫ్రేముకి వాయిదా వేసి, ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ని దాచేసే కోడ్ చాలాచోట్ల చూస్తాను. దాచడం కంటే ఎవరు ఎవర్ని సాగదీస్తున్నారో కనుక్కోవడం మంచిది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్న విషయం, తెలుగు అక్షరాల కొలత. మన భాషలో యాప్‌లు వస్తున్నాయి, బ్యాంకువి, రైతులవి, బడివి. వాటిలో చాలా తెరల కొలతలు ఇంగ్లీషు అక్షరాలతో తీసుకున్నవి. తెలుగు ఆ పెట్టెల్లో ఇరుక్కుంటోంది.

మొదటి తప్పు, అక్షరాల సంఖ్యతో వెడల్పు అంచనా వేయడం. "స్త్రీ" అని రాసి లెంగ్త్ అడగండి. 6 అంటుంది. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం. కంటికి ఒకటే అక్షరం. 20 క్యారెక్టర్లు దాటితే కోసేయ్ అని రాసిన కోడ్ ఈ పదం మధ్యలో నాలుగో దగ్గర కోస్తే "స్త్" మిగులుతుంది. చదివేవాళ్లకి అది భాష రాని మెషీన్ రాసినట్టు ఉంటుంది. కోయక తప్పకపోతే ఇంటల్ సెగ్మెంటర్ వాడండి, అక్షరాల్ని విడదీసి ఇచ్చే జావాస్క్రిప్ట్ పనిముట్టు అది. అన్ని భాషల అక్షరాలకీ ప్రమాణమైన యూనికోడ్‌లో, 2023లో వచ్చిన 15.1 నుంచి తెలుగు ఒత్తులున్న అక్షరాన్ని ఒకే ముక్కగా చూడమనే నియమం ఉంది. అంతకంటే పాత లెక్క వాడే బ్రౌజర్ అయితే దీన్ని స్, త్, రీ అని మూడు ముక్కలు చేస్తుంది. వెడల్పు కోసమైతే మాత్రం లెక్కపెట్టడం పూర్తిగా మానేసి నిజంగా కొలవండి.

రెండోది ఎత్తు. "రాష్ట్రం" అని రాయండి. షకారం కింద టకారం ఒత్తు, దానికి తోడు రకారం ఒత్తు. ఇంగ్లీషులో కిందికి దిగేది జీ, వై లాంటి కొన్ని అక్షరాల తోకలే. డిజైన్‌లో లైన్‌హైట్ 1.2, పెట్టె ఎత్తు 24, ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటింది కనపడొద్దు) అని పెట్టేస్తారు. ఒత్తుల అడుగు తెగిపోతుంది. కంటికి కనపడుతూనే ఉంటుంది, కానీ కోడ్‌తో పట్టుకుందామంటే స్క్రోల్‌హైట్, క్లయింట్‌హైట్ రెండూ సమానంగా ఉండొచ్చు. ఎందుకంటే ఫాంట్ తనకి ఇంత ఎత్తని చెప్పుకున్న హద్దు దాటి గీత కిందికి దిగితే, ఆ దిగిన భాగం స్క్రోల్‌హైట్ లెక్కలోకి రాదు. దీన్ని పట్టుకోవడానికి కాన్వాస్‌లో మెజర్‌టెక్స్ట్ ఉంది. అదే ఫాంట్, అదే సైజు పెట్టి "రాష్ట్రం" కొలవండి. యాక్చువల్‌బౌండింగ్‌బాక్స్‌డిసెంట్ అని ఒకటి వస్తుంది, ఈ పదం నిజంగా ఎంత కిందికి దిగిందో అది. ఫాంట్‌బౌండింగ్‌బాక్స్‌డిసెంట్ అని ఇంకోటి వస్తుంది, ఫాంట్ చెప్పుకున్న హద్దు అది. మొదటిది రెండోదాన్ని దాటితే మీ పెట్టెకి ఆ మేరకు చోటు ఇవ్వాలి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, ధూర్జటి ఇవన్నీ పక్కపక్కన పెట్టి ఇదే సైజులో కొలిచి చూడండి, ఏ రెండు ఫాంట్ల హద్దూ ఒకేలా ఉంటుందని అనుకోవద్దు. ఫాంట్ మార్చిన రోజు ఎత్తులన్నీ మళ్లీ కొలవాలి.

మూడోది, ఫాంట్ ఎప్పుడొస్తుంది అనేది. కొలిచే ముందు ఫాంట్ దిగాలి కదా అని డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ కోసం ఆగుతాం. మంచిదే. కానీ గూగుల్ ఫాంట్స్ ఒక ఫాంట్‌ని లిపుల వారీగా ముక్కలు చేసి పంపిస్తుంది. పేజీలో తెలుగు అక్షరం కనపడేదాకా తెలుగు ముక్క డౌన్‌లోడే మొదలుకాదు. పేజీ ఖాళీగా తెరుచుకుని, తెలుగు కంటెంట్ తర్వాత సర్వర్ నుంచి వచ్చేదైతే, రెడీ అనే మాట ముందే వచ్చేస్తుంది. మీరు కొలిచింది ఫోన్‌లో ముందే ఉన్న ఫాంట్‌ని, మనుషులు చదివేది వేరే ఫాంట్‌లో. డాక్యుమెంట్ ఫాంట్స్ లోడ్ అనే ఫంక్షన్‌ని మీరే పిలవండి, రెండో ఆర్గ్యుమెంట్‌గా ఒక తెలుగు మాట ఇవ్వండి. ఇవ్వకపోతే అది ఖాళీ స్పేస్ అనుకుంటుంది, దానికి తెలుగు ముక్కతో పనిలేదని ఊరుకుంటుంది. ఈ ఒక్క ఆర్గ్యుమెంట్ ఎంతమంది పనిని కాపాడుతుందో నేను చెప్పలేను. దయచేసి రాసుకోండి.

కొలవకుండా జరిగిపోయే పనులు ఇప్పుడు చాలా ఉన్నాయి. కార్డు తన తల్లి పెట్టె వెడల్పుని బట్టి రూపం మార్చుకోవాలంటే కంటైనర్ క్వెరీలు ఉన్నాయి, 2023 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ 110తో అన్ని ముఖ్యమైన బ్రౌజర్లకీ వచ్చేశాయి. వరుసలో కార్డులన్నీ ఒకే ఎత్తు ఉండాలంటే గ్రిడ్ దానంతటదే చేస్తుంది, జావాస్క్రిప్ట్‌తో పెద్దదాన్ని వెతికి అందరికీ పులమక్కర్లేదు. అకార్డియన్ (నొక్కితే తెరుచుకునే పెట్టె) తెరుచుకోవడానికి స్క్రోల్‌హైట్ కొలిచే కోడ్ ఇప్పటికీ రాస్తున్నారు. గ్రిడ్ వరుసని 0 ఎఫ్ఆర్ నుంచి 1 ఎఫ్ఆర్‌కి (ఎఫ్ఆర్ అంటే ఉన్న చోటులో వాటా) యానిమేట్ చేస్తే చాలు, లోపలి పెట్టెకి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టండి. టూల్‌టిప్‌ని బటన్‌కి అతికించడానికి యాంకర్ పొజిషనింగ్ 2024లో క్రోమ్ 125తో మొదలైంది. ఫోన్‌లో అడ్రస్ బార్ వచ్చీపోతూ ఉంటే 100 వీహెచ్ (తెర ఎత్తు మొత్తం) పెట్టె కింద తెగిపోయే బాధకి, బార్‌ని బట్టి మారే డీవీహెచ్ ఉంది. బటన్‌కి మాత్రం స్థిరమైన వెడల్పు పెట్టకండి. ప్యాడింగ్ ఇచ్చి వదిలేయండి. "సేవ్" ఉన్న చోట "భద్రపరచండి" వస్తుంది, అది తన చోటు తను తీసుకుంటుంది.

చార్టులు, కాన్వాస్, మ్యాపులు, లాగి సైజు మార్చే పెట్టెలు, వేల వరుసల లిస్టులు, వీటికి కొలత తప్పదు. అక్కడ మొహమాటపడకుండా కొలవండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

"మేడమ్, కాన్వాస్‌లో గీసిన గ్రాఫ్ ఫోన్‌లో మసకగా వస్తోంది. వెడల్పు కొలిచే ఇస్తున్నాను."

మీరు కొలిచి ఇస్తున్నది సీఎస్ఎస్ పిక్సెల్. ఫోన్ తెరకి ఒక సీఎస్ఎస్ పిక్సెల్ స్థానంలో అడ్డంగా రెండో మూడో అసలు చుక్కలు ఉంటాయి. డివైస్‌పిక్సెల్‌రేషియో ఎంతో చెప్తుంది. కాన్వాస్ విడ్త్ ఆట్రిబ్యూట్‌కి మీ కొలతని దాంతో గుణించి ఇవ్వండి, సీఎస్ఎస్ విడ్త్ పాతదే ఉంచండి, గీసేటప్పుడు కాంటెక్స్ట్‌ని అంత రెట్లు స్కేల్ చేయండి. రేషియో 1.25, 1.5 లాంటిది అయితే గుణించినప్పుడు దశాంశం మిగిలి సన్న గీతలు ఇంకా మసకగా రావొచ్చు. క్రోమ్‌లో రీసైజ్‌అబ్జర్వర్‌ని డివైస్‌పిక్సెల్‌కంటెంట్‌బాక్స్ అని అడిగితే అసలు చుక్కల సంఖ్యనే పూర్ణాంకంగా ఇస్తుంది.

"చాట్ స్క్రీన్‌లో టైప్ చేసే పెట్టెని కింద అతికించాను. కీబోర్డు తెరుచుకోగానే దాని వెనక దాక్కుంటోంది. విండో ఎత్తు కొలిస్తే మారలేదనే చెప్తోంది."

అది నిజమే చెప్తోంది. ఐఫోన్‌లో సఫారీ మొదటినుంచీ, ఆండ్రాయిడ్‌లో క్రోమ్ 108 నుంచి, కీబోర్డు వస్తే పేజీ లేఅవుట్‌ని కుదించవు. కంటికి కనపడే భాగం మాత్రమే తగ్గుతుంది. డీవీహెచ్ కూడా కీబోర్డుని లెక్కలోకి తీసుకోదు. క్రోమ్‌లో అయితే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్‌లో ఇంటరాక్టివ్ విడ్జెట్ అనేదానికి రీసైజెస్ కంటెంట్ అని ఇవ్వండి, పాత పద్ధతి తిరిగొస్తుంది. సఫారీ కోసం విండోలో విజువల్‌వ్యూపోర్ట్ అనే ఆబ్జెక్ట్ ఉంది. దాని హైట్ అడిగితే కీబోర్డు పోగా మిగిలిన ఎత్తు వస్తుంది. దాని రీసైజ్ ఈవెంట్ విని ఆ ఎత్తుని మీ చాట్ పెట్టెకి ఇవ్వండి. దాని స్క్రోల్ ఈవెంట్ కూడా వినండి. కీబోర్డు తెరిచి ఉండగా వేలితో పేజీని పైకి జరిపితే ఎత్తు మారదు, ఆఫ్‌సెట్‌టాప్ మారుతుంది. అది కలపకపోతే పెట్టె మళ్లీ కీబోర్డు వెనక్కే వెళ్తుంది.